మూడు కాలేజీల హెర్బేరియం డేటా ఒక్కచోట పెట్టాలె: సొంత పోర్టల్ కట్టించాల్నా, వేరే తొవ్వ ఉన్నదా?

గునుగుపువ్వు అడిగారు:

అందరికీ నమస్కారం. నేను నారాయణపేట జిల్లాల ఒక డిగ్రీ కాలేజీల బాటనీ చెప్త. మా డిపార్ట్‌మెంట్ల రెండు ఇనుప బీరువాలున్నయి. తలుపు తీస్తె నాఫ్తలిన్ వాసన గుప్పుమంటది. అండ్ల 1981 నుంచి ఎండబెట్టి అట్టకు కుట్టిన మొక్కల షీట్లున్నయి, మొత్తం 1,840. దీన్నే హెర్బేరియం అంటరు. మొన్న ఎండాకాలం సెలవులల్ల పిల్లలను కూసోబెట్టి అన్ని షీట్లు ఫోటోలు తీసినం, లేబుల్ మీదున్నదంతా ఎక్సెల్ల ఎక్కించినం.

మహబూబ్‌నగర్ దిక్కు ఇంకో కాలేజీల తొమ్మిది వందల దాకా ఉన్నయి. వాళ్ళు ఎవరో విద్యార్థి చేసిచ్చిన ఫోన్ యాప్‌ల ఎక్కించిండ్రు. ఆ పిల్లగాడు ఉద్యోగమొచ్చి బెంగళూరు పోయిండు. యాప్‌ల నుంచి డేటా బయటికెట్ల తియ్యాల్నో ఇప్పుడు ఎవరికీ ఎర్కలేదు. మూడోది నంద్యాల దిక్కు కాలేజీ. అక్కడి సార్ నాకు పీజీల సీనియర్. వాళ్ళ నల్లమల కలెక్షన్ మంచిది. లేబుళ్ళు మాత్రం 2003ల పేజ్‌మేకర్ల "అను" అనే పాత తెలుగు ఫాంట్లతోని కొట్టినయి. నా కంప్యూటర్ల తెరిస్తె గీతలు, చుక్కలు కనవడుతున్నయి.

ముగ్గురం కలిసి ఒక్కచోట పెడదామనుకున్నం. మొదలుపెట్టిన మొదటి దినమే తంగేడు దగ్గర ఆగినం. మా తాన దాని పేరు కాసియా ఆరిక్యులేటా. మహబూబ్‌నగర్ వాళ్ళు సెన్నా ఆరిక్యులేటా అని రాసిండ్రు. నంద్యాల రిజిస్టర్ల ఒట్టిగ "తంగేడు". మూడూ కలిపి ఎక్సెల్ల లెక్క తీస్తె మూడు మొక్కలని చూపిచ్చింది. బతుకమ్మ పేర్చే ఏ పోరినడిగినా చెప్తది అది ఒకటే పువ్వని.

హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ ఆయనొచ్చి "సార్, మీకు మంచి పోర్టల్ చేసిస్తం, మ్యాప్ ఉంటది, లాగిన్ ఉంటది, 4 లక్షల 80 వేలు" అన్నడు. మా ప్రిన్సిపాల్ సార్‌కు నచ్చింది, కాలేజీలను తనిఖీ చేసే న్యాక్ టీమ్ వచ్చినప్పుడు చూపిచ్చొచ్చని. పైసలు మూడు కాలేజీలు పంచుకోవాలె. నాకేమో మనసు ఒప్పుతలేదు, కానీ ఎందుకొప్పుతలేదో ప్రిన్సిపాల్ ముంగట చెప్పనీకి మాట దొరుకుతలేదు. ఇసొంటి పని చేసినోళ్ళు ఎవరన్న ఉంటె చెప్పుండ్రి.


లోకల్‌హోస్ట్ రాశారు:

అన్నా, దీనికి 4.8 లక్షలా? నాకు రెండు వీకెండ్‌లు ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక డేటాబేస్, ముందు ఒక సింపుల్ వెబ్‌సైట్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద చుక్కలు. సర్వర్ నెలకి ఐదారు వందలు అవుతుంది. డబ్బులేం వద్దు, మా అమ్మమ్మది కోస్గి. మూడు ఎక్సెల్‌లూ పంపండి, కాలమ్‌లు నేను మ్యాచ్ చేసుకుంటా.


హెర్బేరియం_పురుగు రాశారు:

సార్, ముందు మీ అనుమానానికి మాట ఇస్తాను. పోర్టల్ కట్టించకండి. ఆ కంపెనీ చేతా వద్దు, ఈ తమ్ముడి చేతా వద్దు. తమ్ముడూ, ఏమీ అనుకోకు. నీకు వేరే పని ఉంది, చివర్లో చెప్తాను.

నేను పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, మ్యూజియంలలో, హెర్బేరియంలలో డేటా సర్దడం. 2013లో నా మొదటి ఉద్యోగం అచ్చం మీరు చెప్తున్నలాంటి పోర్టల్ దగ్గరే. ఏ సంస్థో అడగొద్దు. మూడేళ్ళ ప్రాజెక్టు, చక్కటి హోమ్ పేజీ, మంత్రిగారు వచ్చి బటన్ నొక్కి ప్రారంభించారు. 11 వేల ఫోటోలు ఎక్కించాం, అందులో సగం నా చేత్తోనే. 2016లో గ్రాంటు అయిపోయింది, మేమందరం తలో దిక్కు వెళ్ళిపోయాం. డొమైన్ రెన్యువల్ చేయమని ఉత్తరాలు వెళ్తూనే ఉన్నాయట, ఉద్యోగం మానేసి వెళ్ళిన మనిషి మెయిల్‌కి. రెండేళ్ళ తర్వాత ఒక రీసెర్చ్ స్కాలర్ నాకు ఫోన్ చేసి "మేడమ్, మీ మొక్కల సైట్ తెరిస్తే ఆన్‌లైన్ రమ్మీ వస్తోంది" అన్నాడు. ఆ అబ్బాయి థీసిస్‌లో మా లింకులు నలభై ఉన్నాయి. నలభైకి నలభై రమ్మీకే.

ఇది మన దగ్గరే జరుగుతుందనుకోకండి. అమెరికా ప్రభుత్వం జీవవైవిధ్య సమాచారం కోసం ఎన్‌బీఐఐ అని ఒక జాతీయ వ్యవస్థ నడిపింది. బడ్జెట్ కోసేశారు, 2012 జనవరి 15న సైట్లు మూసేశారు. వాళ్ళే నిలబెట్టుకోలేనిదాన్ని మూడు డిగ్రీ కాలేజీలు నెలకి ఆరు వందల సర్వర్ మీద ఎన్నాళ్ళు నిలబెడతాయి? మీరు రిటైరయ్యాక ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? ప్రిన్సిపాల్ గారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి చాలు.

మీ మొక్కల సమాచారానికి ఇల్లు ఇప్పటికే కట్టి ఉంది. పేరు జీబిఫ్ (GBIF), ఏ జీవి ఎక్కడ ఎప్పుడు దొరికిందో రాసిపెట్టే ప్రపంచ ఉమ్మడి ఖజానా. 2001లో పెట్టారు, ఆఫీసు కోపెన్‌హాగన్‌లో. రకరకాల దేశాల ప్రభుత్వాలు చందాలేసుకుని నడుపుతాయి. 300 కోట్లకు పైగా రికార్డులున్నాయి. మన దేశం నుంచి అక్కడున్న వాటిలో ఎక్కువ భాగం పిట్టలే, ఈబర్డ్‌లో జనం సరదాగా రాసుకున్నవి. మొక్కల దగ్గరకొచ్చేసరికి బోసిగా ఉంటుంది. ఒకసారి మ్యాప్‌లో పాలమూరు జిల్లాలు దగ్గరగా చేసి మొక్కలు మాత్రమే పెట్టి చూడండి. మీ 1,840 షీట్లు ఎంత విలువైనవో అప్పుడు తెలుస్తుంది.

అందులో పడాలంటే అందరూ ఒకే తీరు కాలమ్‌లు వాడాలి. దానికి డార్విన్ కోర్ అని ఒక ప్రమాణం ఉంది. టీడీడబ్ల్యూజీ అనే సంఘం 2009లో ఖాయం చేసింది. పేరు చూసి జడుసుకోవద్దు. "ఎవరు సేకరించారు" అనే కాలమ్‌కి ప్రపంచమంతా ఒకే పేరు పెట్టుకోవడం, తేదీ ఎలా రాయాలో ఒప్పుకోవడం, అంతే. పాల కేంద్రంలో అందరూ ఒకే లీటరు కొలతతో పోసినట్టు. మీ ఎక్సెల్ పారేయక్కర్లేదు, కాలమ్ తలకాయలు మారిస్తే సగం పని అయిపోతుంది.

మిగతా సగం ఉంది చూశారూ, అక్కడే అందరం బోల్తా పడతాం.

మొదట నంబర్లు. మీ దగ్గర 412వ షీట్ ఉంది కదా. మహబూబ్‌నగర్‌లోనూ 412 ఉంటుంది, నంద్యాలలోనూ ఉంటుంది. కలిపిన రోజున ఏ 412 ఎవరిదో తెలీదు. కాబట్టి ప్రతి షీట్‌కీ లోకంలో ఇంకెవరికీ లేని ఐడీ ఒకటి కావాలి, అది జన్మలో మారకూడదు. మారిస్తే జీబిఫ్ దాన్ని కొత్త రికార్డుగా లెక్కేస్తుంది. పాత పేజీకి పెట్టుకున్న లింకులన్నీ గాల్లో వేలాడతాయి. ఐడీలో జిల్లా పేరు మాత్రం ఇరికించకండి. మీ ఊరే చూడండి, 2019 ఫిబ్రవరి దాకా మహబూబ్‌నగర్ జిల్లా, తర్వాత నారాయణపేట జిల్లా. నంద్యాల 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి విడిపోయింది. బీరువా నంబర్ కూడా వద్దు, బీరువాలు తుప్పు పడతాయి. అర్థంపర్థం లేని ఐడీయే మంచి ఐడీ.

పాత లేబుల్ మీద "మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఉంటే దాన్ని దిద్దకండి. లేబుల్ మీద ఏముందో అక్షరం పొల్లుపోకుండా ఒక కాలమ్‌లో ఉంచండి, ఇప్పటి జిల్లా, రాష్ట్రం పక్క కాలమ్‌లో వేయండి. డార్విన్ కోర్‌లో రెంటికీ వేర్వేరు చోట్లున్నాయి. ఊళ్ళకి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వాళ్ళ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ కూడా వేసుకుంటే రేపు మళ్ళీ జిల్లాలు విడదీసినా మీకు బెంగ ఉండదు.

తేదీలు. 05/11/1998 అని ఉంటే నవంబర్ అయిదా, మే పదకొండా? మీకు తెలుసు, కోపెన్‌హాగన్‌లో కంప్యూటర్‌కి తెలీదు. 1998-11-05 అని రాయండి. రోజు తెలీకపోతే 1998-11 అని వదిలేయండి, ఒకటో తారీఖు అని కల్పించొద్దు. పైగా ఎక్సెల్ తనంతట తాను తేదీలు మార్చేస్తుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి. మనుషుల జన్యువుల్లో మార్చ్1, సెప్ట్1 అని పేర్లుండేవి. ఎక్సెల్ వాటిని తేదీలు చేసి పారేస్తుంటే వేగలేక 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు శాస్త్రవేత్తలు. అప్పటికి ఎక్సెల్ మారలేదు, జన్యువుల పేర్లు మారాయి!

పేర్లు. తంగేడు గొడవలో మీరు తీర్పు చెప్పక్కర్లేదు సార్. లేబుల్ మీద కాసియా ఉంటే కాసియా అనే ఉంచండి. జీబిఫ్ దగ్గర పేర్ల పెద్ద జాబితా ఉంది, కాసియా ఆరిక్యులేటా అనగానే ఇది సెన్నాకి పాత పేరని పట్టుకుని రెంటినీ ఒకే పేజీకి చేరుస్తుంది. తుమ్మకీ అంతే. అకేషియా నిలోటికాని ఇప్పుడు వెచేలియా నిలోటికా అంటున్నారు. ఎవరే పేరుతో రాసినా ఒకే చెట్టు కిందకి వస్తాయి. నంద్యాల వాళ్ళు "తంగేడు" అని ఊరుకున్నారే, అది మాత్రం ఎవరో ఒకరు షీట్ చూసి శాస్త్రీయ నామం రాయాల్సిందే. తెలుగు పేరు తీసేయకండి, దానికీ విడిగా కాలమ్ ఉంది. పట్టికని సీఎస్‌వీ (మామూలు టెక్స్ట్ ఫైలు)గా దాచేటప్పుడు యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతి ఎంచుకోండి, లేకపోతే తంగేడు కాస్తా ఆరు ప్రశ్నార్థకాలవుతుంది. అను ఫాంట్ల లేబుళ్ళని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. వత్తులు, రావత్తులు మాత్రం కన్నేసి చూసుకోవాలి.

తర్వాత ఐపీటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మీ పట్టికని జీబిఫ్‌కి అందించేది అదే. సొంత సర్వర్ లేనివాళ్ళ కోసం జీబిఫ్ నడిపే ఐపీటీలు కూడా ఉన్నాయి. మనిషి పేరు మీద కుదరదు, సంస్థ పేరు మీద రిజిస్టర్ చేసుకోవాలి, వాళ్ళు చూసి ఆమోదిస్తారు. కాలేజీ లెటర్‌హెడ్, ఓపిక, ఈ రెండే ఖర్చు. లైసెన్స్ దగ్గర మూడే దారులు: సీసీ జీరో (ఏ షరతూ లేదు), సీసీ బై (పేరు చెప్పాలి), సీసీ బై ఎన్‌సీ (పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు). మూడు కాలేజీలూ ఒకటే ఎంచుకుంటే తర్వాత కలపడం తేలిక. నేనైతే సీసీ బై అంటాను, వాడుకున్నవాళ్ళు మీ పేరు చెప్పాలి.

ప్రిన్సిపాల్ గారికి చూపించడానికి కూడా ఉంది. మీ డేటాసెట్‌కి ఒక డీఓఐ, అంటే ఉదహరించడానికి పనికొచ్చే మారని నంబర్, వస్తుంది. ఎవరైనా దించుకుంటే ఆ దించుకున్నదానికీ ఒక డీఓఐ పడుతుంది. రేపు బ్రెజిల్‌లో ఎవరో తంగేడు మీద వ్యాసం రాసి దాన్ని ఉదహరిస్తే ఆ లెక్క మీ కాలేజీ పేజీలో కనిపిస్తుంది. న్యాక్ వాళ్ళకి ఆ పేజీ ప్రింట్ తీసి ఇవ్వండి, మ్యాప్ మీద మెరిసే చుక్కల కంటే బరువుగా ఉంటుంది.

ఇప్పుడు తమ్ముడి పని. జీబిఫ్ ఏపీఐ, అంటే ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగే తలుపు, అందరికీ తెరిచే ఉంది, వెతకడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మూడు కాలేజీల రికార్డులు మాత్రమే తెచ్చుకుని తెలుగులో చూపించే పేజీ ఒకటి చెయ్యి, మ్యాపూ పెట్టు. రేపు నీకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, సర్వర్ బిల్లు కట్టడం మర్చిపోతే పోయేది ఆ పేజీయే, షీట్లు కాదు.


లోకల్‌హోస్ట్ రాశారు:

అక్కా, పెళ్ళి మాట ఎందుకు ఇక్కడ 🙂 ఓకే, డన్. ఏపీఐ ఇప్పుడే చూశా, బాగుంది. ఆ యాప్ కాలేజీ వాళ్ళ పాత ఫోన్ ఒకటి నాకు దొరికితే చాలు. ఆండ్రాయిడ్ యాప్ కదా, లోపల ఎస్‌క్యూలైట్ ఫైలే ఉండి ఉంటుంది, లాగేస్తా.


కలివికంప రాశారు:

సార్, నాది కడప. పిట్టల పిచ్చోణ్ణి. మేడమ్ చెప్పినదంతా నిజమే. ఒక్క మాట కలపాల. అన్నీ తెరిచి పెట్టేదానికి ముందు ఏది మూసి పెట్టాలో కూడా అనుకోండి.

మా కలివికోడి కథ మీకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడల్యా, అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేసినారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. శాస్త్రవేత్తలకంటే ముందు దాని పేరు తెలిసింది ఊరోళ్ళకే. దానికోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టినారు. అట్లాంటి పిట్ట ఎక్కడుందో నాలుగు దశాంశాల దాకా పటం మీద పెడితే ఎవురు పోతారో మీరే చెప్పండి. ఎర్రచందనం సంగతి చెప్పాల్సిన పనేలేదు. 1995 నుంచి సైటిస్ (అరుదైన జీవుల అమ్మకాలను కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది, అయినా లారీలు ఆగినాయా? నంద్యాల సార్ కలెక్షన్ నల్లమలది కదా, ఎర్రచందనం షీట్లుంటే అక్షాంశాలు ఒక దశాంశం దాకానే ఇయ్యండి. పదకొండు కిలోమీటర్ల మేర మసక అవుతుంది. పరిశోధన చేసేవాళ్ళకి ఆ మాత్రం చాలు, గొడ్డలి పట్టుకున్నోడికి చాలదు. మసక చేసినామని చెప్పే కాలమ్ కూడా డార్విన్ కోర్‌లోనే ఉంది, అది నింపకపోతే అదే నిజమైన చోటనుకుని ఎవరో ఒకరు లెక్కలు కడతారు.

ఇంకోటి. నల్లమల షీట్లంటే లేబుల్ కింద చెంచులు చెప్పిన మందు గురించి రాసుంటారు. "ఈ వేరు నూరి ఇంత పాలల్లో" అని. ఆ మాట సార్‌ది కాదు, కాలేజీది కాదు. అడగకుండా లోకానికి ఎట్ల ఇస్తారు? 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాస్తాండారు, వాటిల్లోనూ ఇదే తకరారు. మొక్క, ఊరు, తేదీ తెరవండి. మందు మాట వాళ్ళని అడిగినాక చూస్తాం అని పక్కన పెట్టండి.


హెర్బేరియం_పురుగు రాశారు:

కలివికంప గారూ, ఇది నేను రాయకుండా వదిలేయడం తప్పే. సార్, ఆయన చెప్పినట్టే చేయండి. మందు వాడకం ఉన్న కాలమ్‌ని అసలు జీబిఫ్‌కి వెళ్ళే ఫైల్లోకే రానీయకండి. ఫోటోల్లో లేబుల్ కనపడుతుంది కదా, ఆ షీట్ల ఫోటోలూ ఆపండి. చాలామంది కాలమ్ తీసేసి ఫోటో ఎక్కిస్తారు.


గునుగుపువ్వు రాశారు:

మేడమ్, కడప సార్, తమ్మీ, అందరికీ శానా థ్యాంక్స్. పది దినాలైంది, ఏమైందో చెప్త.

పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటదని అడిగిన. ప్రిన్సిపాల్ సార్ కొంచెంసేపు ఫ్యాన్ దిక్కు చూసి "నేనే వచ్చే మార్చిల రిటైర్ అయితున్న గదనయ్యా" అన్నడు. కంపెనీ ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పిండు. లెటర్‌హెడ్ మీద సంతకం అయింది.

ముందు యాభై షీట్లు డార్విన్ కోర్ల పెట్టి, తప్పులు పట్టే జీబిఫ్ వ్యాలిడేటర్ల వేసిన. ఎర్రగయింది మేడమ్. తేదీలు పన్నెండు తప్పు. సేకరించినాయన పేరు మా పాత హెచ్ఓడీ సార్‌ది, నాలుగు తీర్ల ఉన్నది. ఇంటిపేరు ముంగట ఒకటి, ఎనక ఒకటి, పొడి అక్షరాలతోని ఒకటి, ఒక దగ్గర ఒట్టిగ "సార్" అని. అవన్నీ దిద్దిన. కానీ ఒకటి సమజైతలేదు. కోయిల్‌కొండ గుట్ట మీద తెచ్చిన షీట్లన్నీ మ్యాప్‌ల మక్తల్ దాటి పొలాలల్ల వడుతున్నయి. ఎర్ర గీతలేం వస్తలేవు, దేశం సరే అంటున్నది. నేను ఆ గుట్ట ఎక్కిన మనిషిని కాబట్టి కనిపెట్టిన. లేబుల్ మీద 16.45, 77.47 అని ఉన్నది.


హెర్బేరియం_పురుగు రాశారు:

మీ కాలమ్‌లో దశాంశం తర్వాత ఉన్న అంకెలన్నీ ఒకసారి చూడండి. 59 దాటి ఒక్కటైనా ఉందా?


గునుగుపువ్వు రాశారు:

లేదు మేడమ్. యాభై షీట్లల్ల ఒక్కటి గుడ లేదు.


హెర్బేరియం_పురుగు రాశారు:

అయితే అవి దశాంశాలు కావు, నిమిషాలు. మీ హెచ్ఓడీ సార్ 16 డిగ్రీల 45 నిమిషాలు అని చూసుకుని, డిగ్రీ గుర్తు వేయడానికి బద్ధకించి చుక్క పెట్టారు. 45 నిమిషాలంటే ముప్పావు డిగ్రీ, 16.75. 77 డిగ్రీల 47 నిమిషాలు అంటే 77.78. తేడా దక్షిణంగా 33 కిలోమీటర్లు, పడమరగా ఇంకో 33. అందుకే మీ గుట్ట మక్తల్ దాకా నడిచింది. మీరు కాక ఇంకెవరైనా అయితే వ్యాలిడేటర్ పచ్చగా ఉందని ఎక్కించేసేవారు.

ఆ రోజుల్లో ఇవి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ మీద చూసి రాసినవే అయ్యుంటాయి. ఆ పాత పటాలు ఎవరెస్ట్ అనే పాత భూమి కొలత లెక్క మీద గీసినవి, ఇప్పటి ఫోన్ జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్-84 అనే వేరే లెక్క. రెంటికీ మధ్య వంద మీటర్లు దాటిన తేడా రావచ్చు. నిమిషం దాకానే చదివిన పటం కాబట్టి ఎలాగూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. అనిశ్చితి కాలమ్‌లో 2000 మీటర్లు అని నిజాయితీగా వేసేయండి, ఎవరెస్ట్ సంగతి దాంట్లోనే కలిసిపోతుంది. సున్నా మాత్రం వేయకండి. సున్నా వేసిన డేటా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కాలమ్‌ని దిద్దేటప్పుడు పాత 16.45ని కూడా "లేబుల్ మీద ఉన్నది" కాలమ్‌లో ఉంచండి. రేపు నేను తప్పని ఇంకెవరైనా తేల్చొచ్చు.


లోకల్‌హోస్ట్ రాశారు:

స్క్రిప్ట్ పంపించా అన్నా, నిమిషాలని దశాంశాలు చేస్తుంది, పాతది పక్కన దాస్తుంది. కానీ మహబూబ్‌నగర్ వాళ్ళవి నిజంగానే దశాంశాలు, ఫోన్ జీపీఎస్‌వి. వాటి మీద నడపకండి, ప్లీజ్. యాప్ డేటా దొరికింది, 914 రికార్డులు. మొక్క పేరు కాలమ్‌లో ఇరవై రెండింటికి "టెస్ట్" అని ఉంది. అవి తీసేయనా?


గునుగుపువ్వు రాశారు:

తియ్యి తమ్మీ. ఆ పిల్లగాడు బెంగళూరుల ఇప్పుడు అదే పని చేస్తుండచ్చు.

మేడమ్, ఆఖరి ప్రశ్న, మళ్ళ తిప్పలు పెట్ట. 1987ల ఒక షీట్ ఉన్నది, గునుగు, సెలోషియా అర్జెంటియా. మంచిగ ఎండింది, రంగు గుడ పోలేదు. లేబుల్ మీద సార్ చేతిరాత: "బతుకమ్మకు అంగట్ల కొన్నది, కట్ట నాలుగణాలు". ఊరు, తేదీ ఉన్నయి, కానీ ఊరంటె అంగడి. పువ్వు ఏ చేన్ల మొలిచిందో ఎవరికెరుక? అంగడికి అక్షాంశాలు వెయ్యాల్నా?


హెర్బేరియం_పురుగు రాశారు:

వేయకండి. అక్షాంశ రేఖాంశాలు ఖాళీగా వదిలి, ఊరి చోట అంగడి పేరు రాసి, రిమార్క్స్‌లో "అంగట్లో కొన్నది, మొలిచిన చోటు తెలీదు" అని పెట్టండి. నాలుగణాలు మాత్రం తీసేయకండి.